వడ్ల దారి, కాగితం దారి, పైసల దారి



మీలో ముగ్గు వేయడం రాని అక్క ఎవరైనా ఉన్నారా? ఉండరు. సంక్రాంతి వచ్చిందంటే టేకుమట్లలో ఏ వాకిలి చూసినా ముగ్గే. ముందు చుక్కలు పెడతారు. ఆ తర్వాత ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలో చూసి గీత గీస్తారు. ఒక్క చుక్క తప్పిపోతే ముగ్గు కుదరదు. ఎక్కడ తప్పిందో చూడగానే కనబడుతుంది.

ఈ పాఠంలో మనం కూడా ముగ్గే వేద్దాం. ఇది వాకిలి అందం కోసం వేసే ముగ్గు కాదు. మన కాగితం ఏ దారిన పోతున్నది, మన పైసలు ఏ దారిన వస్తున్నాయి అని తెలుసుకోవడానికి వేసే ముగ్గు. దీనికి అక్షరాలు అన్నీ రావాల్సిన పని లేదు. గుండ్రం, గీత, బాణం గుర్తు వస్తే చాలు. పేర్లు రాసే నాలుగు మాటలు వస్తే మరీ మంచిది.

చిన్నమ్మ కష్టం

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

2025 వానాకాలం పంట. మా చిన్నమ్మ రెండు ఎకరాలలో వరి వేసింది. కోసింది, కల్లంలో ఆరబోసింది. కొనుగోలు కేంద్రంలో కాంటా పెడితే సరిగ్గా 100 సంచులు అయినాయి. సంచికి 40 కిలోలు. అంటే 40 క్వింటాళ్లు. ఆ ఏడు ఏ-గ్రేడ్ వడ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. లెక్క కట్టి చూడండి. 40 క్వింటాళ్లకు 95,560 రూపాయలు రావాలి.

కొన్ని రోజులకు ఆమె ఫోనుకు మెసేజి వచ్చింది. మనుమడితో చదివించుకుంది. ఖాతాలో పడ్డది 66,892 రూపాయలే. ఇంకా 28,668 రూపాయలు రాలేదు.

చిన్నమ్మ గుండె జారిపోయింది. ఎరువుల దుకాణంలో బాకీ ఉంది. యాసంగికి మళ్లీ దుక్కి దున్నించాలి. ఆమె బస్సెక్కి బ్యాంకుకు పోయింది. "మాకు వచ్చినంత వేసినం అమ్మా" అన్నారు. మళ్లీ పోయింది. అదే జవాబు. మూడోసారి పోయింది. అదే జవాబు. మూడు రోజుల కూలి పోయింది, బస్సు కిరాయి పోయింది.

ఇక ఊళ్లో మాట మొదలైంది. కొనుగోలు కేంద్రం నడిపేది ఎవరు? మన మహిళా సంఘం అక్కలే. "వాళ్లే ఏదో చేసి ఉంటరు" అని ఒకరు అన్నారు. "తరుగు కింద కోసిండ్రు" అని ఇంకొకరు అన్నారు. ఇరవై ఏండ్లుగా ఒకే సంఘంలో పొదుపు కట్టిన ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు.

ఒక రోజు సాయంత్రం చదువు కేంద్రానికి వచ్చి చిన్నమ్మ ఏడ్చింది.

"బిడ్డా, నా ముప్పై సంచుల పైసలు ఎవలో మింగిండ్రు."

"చిన్నమ్మా, ఎవలు మింగిండ్రో తర్వాత చూద్దాం. ముందుగాల నీ వడ్లు ఏ దారిన పోయినయో గీద్దాం" అన్నాను.

అప్పుడు నేల మీద ముగ్గు పిండితో గీసిన బొమ్మల సంగతే ఈ పాఠం.

సమాచారం అంటే ఏమిటి?

బొమ్మ గీయకముందు ఒక మాట తెలుసుకుందాం.

వడ్లు వేరు, వడ్ల లెక్క వేరు. వడ్లు కల్లంలో ఉంటాయి. లెక్క కాగితంలో ఉంటుంది. "ఫలానా రైతు, ఫలానా తారీఖు, 100 సంచులు" అని రాస్తే అది సమాచారం. వడ్లు లారీలో పోతాయి. సమాచారం కాగితంలో పోతుంది, ఫోనులో పోతుంది, కంప్యూటరులో పోతుంది.

ఈ సమాచారం ఒక చోట పుడుతుంది. ఇంకో చోట రాసి పెడతారు. మరో చోటికి పంపుతారు. ఎవరో ఒకరు దాన్ని చూసి, సరే అని పని చేస్తారు. ఈ మొత్తం ఏర్పాటునే సమాచార వ్యవస్థ అంటారు. పేరు పెద్దది కానీ సంగతి చిన్నదే. రేషన్ కార్డు ఒక సమాచార వ్యవస్థ. పింఛను ఒకటి. మన సంఘం పొదుపు పుస్తకం కూడా ఒకటి. కంప్యూటరు ఉన్నా లేకపోయినా సమాచార వ్యవస్థే.

దీంతో వచ్చే చిక్కు ఒక్కటే. వడ్లు కంటికి కనబడతాయి, సమాచారం కనబడదు. లారీ బురదలో దిగబడితే ఊరంతా చూస్తుంది. కాగితం ఎక్కడో దిగబడితే ఎవరికీ తెలియదు. కనబడనిదాన్ని కనబడేటట్టు చేయడానికే బొమ్మ.

బొమ్మకు నాలుగు గుర్తులు

ముగ్గుకు చుక్క, గీత ఉన్నట్టే ఈ బొమ్మకు నాలుగు గుర్తులు చాలు.

1. గుండ్రం: మనిషి లేదా ఆఫీసు. రైతు, మిల్లు, బ్యాంకు.

2. పెట్టె: ఒక పని. తేమ చూడడం, కాంటా పెట్టడం, ట్యాబ్‌లో ఎక్కించడం.

3. రెండు అడ్డగీతలు: రాసి పెట్టే పుస్తకం. రిజిష్టరు, ఫైలు.

4. బాణం: ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేది.

బాణానికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, ప్రతి బాణం మీద ఏం పోతున్నదో పేరు రాయాలి. "వడ్లు" అనో, "ట్రక్ షీట్" అనో, "పైసలు" అనో రాయాలి. పేరు లేని బాణం పేరు లేని ఉత్తరం లాంటిది. రెండోది, ప్రతి బాణం ఎక్కడో మొదలు కావాలి, ఎక్కడో ఆగాలి. మధ్యలో తేలిపోయిన బాణం ఉంటే అక్కడ మనకు తెలియని సంగతి ఏదో ఉన్నట్టు.

ఐదో గుర్తు ఇంకొకటి ఉంది. అది గాలిపటం ఆకారం. దాని లోపల ప్రశ్న రాయాలి. ప్రశ్న కాడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి "అవును" దారి, ఒకటి "కాదు" దారి.

మొదటి బొమ్మ: వడ్ల దారి

చిన్నమ్మను అడుగుతూ మొదటి బొమ్మ గీశాం. చదువుకునే అక్కలందరూ చుట్టూ చేరారు.

కల్లం → తేమ చూడడం → కాంటా → లారీ → మిల్లు

తేమ కాడ గాలిపటం గుర్తు వేశాం. లోపల ప్రశ్న: "తేమ 17 శాతం లోపు ఉందా?" అవును అయితే బాణం కాంటాకు పోతుంది. కాదు అయితే బాణం వెనక్కి తిరిగి కల్లానికి వస్తుంది. మళ్లీ ఆరబోయాలి. వాన పడితే పరదాలు కప్పుకొని కూర్చోవాలి. ఈ వెనక్కి వచ్చే బాణం ఎంత కష్టమైనదో రైతుకే తెలుసు.

కాంటా అయినాక హమాలీలు సంచులు కుట్టి లారీకి ఎత్తుతారు. ఇక్కడ నేను అడిగాను.

"చిన్నమ్మా, నీ సంచులన్నీ ఒకటే లారీల పోయినయా?"

ఆమె ఆలోచించింది. "లేదు బిడ్డా. ఆ లారీ నిండింది. డెబ్బై ఎక్కినయి. ముప్పై సంచులు తెల్లారి వచ్చిన లారీల ఎక్కిచ్చిండ్రు."

అంటే లారీ బాణం ఒకటి కాదు, రెండు. మొదటి బాణం మీద 70 అని రాశాం. రెండో బాణం మీద 30 అని రాశాం. అంతదాకా ఎవరికీ తోచని సంగతి ముగ్గు పిండితో నేల మీద కనబడింది.

రెండో బొమ్మ: కాగితం దారి

ఇప్పుడు కాగితం సంగతి. దీనికి కేంద్రంలో పని చేసే సంఘం అక్కను పిలిచాం. మొదట రానన్నది. "దొంగ అన్నోళ్ల కాడికి నేను రాను" అన్నది. "వదినా, ఎవలనూ ఏమీ అనడానికి కాదు, బొమ్మ గీసేటందుకు" అని బతిమాలితే వచ్చింది. ఆమె చెప్పిన దారి ఇది.

రైతు పట్టా పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు ఇస్తాడు. అవి కేంద్రం ఫైలులోకి పోతాయి. కాంటా అయినాక సంచుల లెక్క కేంద్రం పుస్తకంలోకి పోతుంది. లారీ బయలుదేరేటప్పుడు ట్రక్ షీట్ రాస్తారు. ఆ లారీలో ఎన్ని సంచులు పోతున్నాయో అందులో ఉంటుంది. ట్రక్ షీట్ లారీతో పాటు మిల్లుకు పోతుంది. మిల్లు వాళ్లు సంచులు దించుకుని, ముట్టినట్టు రాసి ఇస్తారు. ఆ కాగితం తిరిగి కేంద్రానికి రావాలి. వచ్చినాక ఒక్కొక్క రైతు లెక్క ట్యాబ్‌లో ఎక్కిస్తారు.

రైతు → కేంద్రం పుస్తకం → ట్రక్ షీట్ → మిల్లు → తిరిగి కేంద్రం → ట్యాబ్

రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. వడ్ల దారి మిల్లు కాడ ఆగిపోయింది. కాగితం దారి మిల్లు కాడ ఆగలేదు. అది వెనక్కి తిరిగి రావాలి. మనం "వడ్లు మిల్లుకు పోయినయి, ఇక పని అయిపోయింది" అనుకుంటాం. కానీ వడ్లు పోయినంత మాత్రాన పైసలు రావు. కాగితం తిరిగి రావాలి, ట్యాబ్‌లో ఎక్కాలి.

మూడో బొమ్మ: పైసల దారి

మూడోది చిన్న బొమ్మ.

ట్యాబ్ లెక్క → పౌర సరఫరాల సంస్థ → బ్యాంకు → రైతు ఖాతా

ట్యాబ్‌లో ఎక్కిన లెక్కను చూసి రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ పైసలు పంపుతుంది. అవి రైతు ఖాతాలో పడతాయి. సన్న వడ్లకు 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. సన్నాలు అమ్మినవాళ్లు దానికి ఇంకో బాణం వేరుగా గీసుకోవాలి. మా చిన్నమ్మవి దొడ్డు వడ్లు. అందుకని ఆ బాణం మా బొమ్మలో లేదు.

ఇప్పుడు మీరే చెప్పండి. బ్యాంకు ఈ దారిలో ఎక్కడుంది? చిట్టచివర ఉంది. ట్యాబ్‌లో లెక్కే ఎక్కకపోతే బ్యాంకుకు ఏం తెలుస్తుంది? చిన్నమ్మ మూడుసార్లు పోయి అడిగింది దారి చివరన. కాగితం ఆగింది దారి మధ్యన. చెరువు తూము కాడ నీళ్లు ఆగితే పొలంలో నిలబడి అడిగితే ఏం లాభం? పొలం నుంచి కాలువ వెంట వెనక్కి నడుస్తూ పోవాలి. ఎక్కడ తడి ఉంది, ఎక్కడ పొడి ఉంది అని చూడాలి. బొమ్మలో కూడా అంతే. చివరి నుంచి బాణాల వెంట వెనక్కి నడవాలి.

ఎక్కడ ఆగింది?

అట్లనే వెనక్కి నడిచాం.

రైతు ఖాతాకు వచ్చిన పైసలు 66,892. ఇది ఎన్ని సంచులకు? 2,389తో భాగిస్తే 28 క్వింటాళ్లు. అంటే 70 సంచులు. మొదటి లారీ లెక్క సరిగ్గా వచ్చింది! ఒక్క కిలో కూడా తరుగు కోయలేదు. రాని 28,668 రూపాయలు 12 క్వింటాళ్లకు. అంటే 30 సంచులు. అది రెండో లారీ.

ఈ లెక్క తేలగానే అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరో మింగితే ఇంత సరిగ్గా మింగుతారా?

మరునాడు అందరం కేంద్రం పుస్తకం చూశాం. పుస్తకంలో రైతు పేరు, సంచులు, పక్కన ఒక టిక్కు. అంతే. చిన్నమ్మ పేరు పక్కన "100" అని ఉంది. టిక్కు కూడా ఉంది. మొదటి లారీ కాగితం తిరిగి వచ్చిన రోజు 70 సంచులు ట్యాబ్‌లో ఎక్కించి టిక్కు పెట్టారు. రెండో లారీ మిల్లు కాడ రెండు రోజులు నిలబడ్డది. దాని కాగితం ఆలస్యంగా వచ్చింది. వచ్చిన రోజు పుస్తకం తెరిచి చూస్తే చిన్నమ్మ పేరు కాడ టిక్కు ఉంది. "ఈమెది అయిపోయింది" అనుకుని పక్కన పెట్టారు. ఆ కాగితం అదే ఫైలులో మడిచి ఉంది!

సంఘం అక్క నుదురు కొట్టుకుంది. వెంటనే పైకి చెప్పి ముప్పై సంచులు ఎక్కించారు. వారం లోపల మిగతా పైసలు పడ్డయి. చిన్నమ్మ ఎరువుల బాకీ తీర్చింది. ఆ తర్వాత సంఘం మీటింగుకు పోయి, తను అన్న మాటకు తనే వెనక్కి తగ్గింది.

తప్పు మనిషిలో లేదు. పుస్తకం గీతలు గీసిన పద్ధతిలో ఉంది.

ఒకటికి ఒకటా? ఒకటికి చాలానా?

ఎందుకు ఇట్లా జరిగింది? దీనికి ఇంకో రకం బొమ్మ గీయాలి. ఇందులో దారి ఉండదు. ఏది ఎన్నింటితో ముడిపడి ఉందో ఉంటుంది.

ఒక రైతుకు ఎన్ని లారీలు? ఒకటి కావచ్చు, రెండు కావచ్చు, మూడు కావచ్చు. ఒక లారీలో ఎంతమంది రైతుల వడ్లు? చాలామందివి. అంటే ఇటు చూసినా చాలా, అటు చూసినా చాలా.

కానీ పుస్తకంలో ఒక రైతుకు ఒకటే టిక్కు. ఆ పుస్తకం గీసినవాళ్లు ఒక రైతు వడ్లు ఒకే లారీలో పోతాయి అనుకున్నారు. చాలాసార్లు అట్లనే పోతాయి. అందుకే చాలామందికి పైసలు సరిగ్గా పడ్డాయి. లారీ మధ్యలో నిండినప్పుడు ఎవరి సంచులు మిగిలితే వాళ్లకు చిక్కు వచ్చింది.

ఇటు చాలా, అటు చాలా ఉన్నప్పుడు మధ్యలో ఇంకో పట్టిక పెట్టాలి. రైతు, లారీ కలిసిన ప్రతిసారి ఒక వరుస రాయాలి. అందరూ కూర్చుని కొత్త పుస్తకానికి ఇట్లా గీతలు గీశారు.

రైతు: చిన్నమ్మ. లారీ: మొదటిది. సంచులు: 70. మిల్లు కాగితం: వచ్చింది. ట్యాబ్: ఎక్కింది.

రైతు: చిన్నమ్మ. లారీ: రెండోది. సంచులు: 30. మిల్లు కాగితం: రాలేదు. ట్యాబ్: ఎక్కలేదు.

ఇప్పుడు ఒక మనిషికి రెండు వరుసలు. రెండు వరుసలకు వేరువేరు టిక్కులు. రెండోది ఇంకా ఖాళీగా ఉందని పుస్తకం తెరవగానే తెలుస్తుంది. కొత్తగా పెట్టినవి రెండు మూడు గీతలే. వాటితో ఎంత పని తప్పిందో చూడండి.

ఇంకో సంగతి. ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. పేరు ఒక్కటే రాస్తే ఒకరి వడ్లు ఇంకొకరి లెక్కలో పడతాయి. అందుకే పాస్‌బుక్కు నెంబరు, ఆధార్ నెంబరు అడుగుతారు. పేరు ఇద్దరికి ఉండవచ్చు. నెంబరు ఒక్కరికే ఉంటుంది. పశువుల చెవికి పోగు వేసినట్టు, ఏది ఎవరిదో తేల్చడానికి ఆ నెంబరు.

ఇల్లు కట్టకముందే ముగ్గు పోస్తాం

ఇంతదాకా మనం గీసింది జరిగిపోయిన సంగతిని తెలుసుకోవడానికి. బొమ్మకు ఇంకో పెద్ద పని ఉంది. కొత్తగా ఏదైనా మొదలు పెట్టకముందే గీసి చూసుకోవడం.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి ఏం చేస్తాడు? ముందుగా జాగాలో ముగ్గు పోస్తాడు. ఇది వంట గది, ఇది తలుపు అని చూపిస్తాడు. ఇంటి ఆమె నిలబడి చూస్తుంది. "తలుపు ఇటు వద్దు, అటు పెట్టు" అంటుంది. ముగ్గు చెరిపి ఇంకో చోట పోయడానికి గడియ పట్టదు. గోడ లేచినాక తలుపు మార్చాలంటే వేల రూపాయలు కావాలి.

కంప్యూటరు పని చేసేవాళ్లు కూడా ఇట్లనే చేస్తారు. మంచి ఇంజనీరు మొదటి రోజే కంప్యూటరు ముందు కూర్చోడు. కాగితం మీద పెట్టెలు, బాణాలు గీస్తాడు. ఆ పని చేసే మనుషులకు చూపిస్తాడు. "ఇట్లనేనా జరిగేది?" అని అడుగుతాడు. వాళ్లు కాదంటే దిద్దుకుంటాడు.

ఈ పద్ధతికి పాత చరిత్ర ఉంది. 1921లో అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే భార్యాభర్తలు ఒక పనిని మెట్టు మెట్టుగా గుర్తులతో గీసి చూపే పద్ధతిని ఇంజనీర్ల సభ ముందు పెట్టారు. 1947లో గోల్డ్‌స్టైన్, వాన్ న్యూమన్ అనే పండితులు కంప్యూటరు చేయాల్సిన పనిని ఇట్లాంటి బొమ్మలతో వివరించారు. 1970లలో సమాచారం ఎటు నుంచి ఎటు పోతుందో చూపే బొమ్మలు వచ్చాయి. వాటిని డేటా ఫ్లో డయాగ్రం అంటారు. మనం నేల మీద గీసిన కాగితం దారి కూడా ఆ కుటుంబంలోదే.

మన దేశంలో ఊరివాళ్లే నేల మీద ముగ్గు పిండి, రంగులు, గింజలు, రాళ్లతో తమ ఊరి పటం గీసే పద్ధతి 1980ల చివర నుంచి బాగా వ్యాపించింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన పల్లె ఆడవాళ్లు కూడా ఇట్లాంటి బొమ్మలు గీసి, తమ ఊరి సంగతి తామే చర్చించుకున్నారు. చాలామందికి చదువు రాదు. అయినా ఊరి సంగతి వాళ్లకు తెలిసినంతగా ఏ ఆఫీసరుకు తెలుస్తుంది?

నేల మీద గీసిన బొమ్మలో ఒక మంచి గుణం ఉంది. కాగితం ఒకరి చేతిలో ఉంటుంది. నేల అందరి ముందు ఉంటుంది. ఎవరైనా వంగి చెరిపి దిద్దవచ్చు.

గీసేటప్పుడు జాగ్రత్తలు

1. జరగాల్సింది కాదు, జరుగుతున్నది గీయాలి. "మిల్లు కాగితం అదే రోజు వస్తుంది" అని రూలు ఉండవచ్చు. రెండు రోజులకు వస్తే రెండు రోజులు అని రాయాలి. రెండు బొమ్మలు వేరుగా గీస్తే ఇంకా మంచిది. ఒకటి రూలు బొమ్మ, ఒకటి నిజం బొమ్మ. రెండింటికి తేడా ఎక్కడుందో అక్కడే అడగాలి.

2. ఒక్కరే గీయవద్దు. రైతుకు కల్లం తెలుసు. కేంద్రం అక్కకు పుస్తకం తెలుసు. డ్రైవరుకు మిల్లు గేటు తెలుసు. ముగ్గురూ ఉంటేనే బొమ్మ నిండుతుంది.

3. అన్నీ ఒకటే బొమ్మలో కుక్కవద్దు. మేము మూడు దారులు మూడు బొమ్మలుగా గీశాం. అందుకే అర్థమైంది. ఒక్క దాంట్లో గీసి ఉంటే నూలు చిక్కు పడ్డట్టు అయ్యేది.

4. గోడ మీద గీసే బొమ్మలో ఎవరి ఖాతా నెంబరు, ఆధార్ నెంబరు రాయవద్దు. "రైతు" అని రాస్తే చాలు. ఫోనులో వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

5. బొమ్మ మీద తారీఖు వేయాలి. దారులు మారుతుంటాయి. మన టేకుమట్లనే చూడండి. 2016 అక్టోబరుకు ముందు మనం వరంగల్ జిల్లా చిట్యాల మండలంలో ఉన్నాం. తర్వాత టేకుమట్లనే మండలం అయింది. జిల్లా భూపాలపల్లి అయింది. మన కాగితాలు పోయే దారి మొత్తం మారింది. పాత బొమ్మ పట్టుకుని పోతే పాత ఆఫీసు కాడే నిలబడతాం.

బొమ్మ చేతిలో ఉంటే

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అంటారు. ఎవరు దేవుడో ఎవరు పూజారో తెలియకనే మనం తిరుగుతాం. బొమ్మ ఉంటే ఏ బాణం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. అప్పుడు మన ప్రశ్న మారుతుంది. "నా పైసలు ఎందుకు రాలేదు సారూ?" అని అడిగితే ఎవరైనా "వస్తయి పో" అంటారు. "ఫలానా తారీఖు లారీ కాగితం మిల్లు నుంచి వచ్చిందా? ట్యాబ్‌లో ఎక్కిందా?" అని అడిగితే పుస్తకం తెరిచి చూడక తప్పదు.

అప్పటికీ జవాబు రాకపోతే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఉంది. ప్రభుత్వ ఆఫీసుకు రాసి అడగవచ్చు. మామూలుగా 30 రోజుల లోపల జవాబు ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లు ఫీజు కట్టనక్కర లేదు. ఏ ఆఫీసును అడగాలో, ఏ కాగితం అడగాలో మన బొమ్మే చెబుతుంది.

పైసలు రాకపోతే ముందు మనిషిని అనుమానించకండి. ముందు దారి గీయండి. దారి గీసినాక కూడా తప్పు మనిషిదే అని తేలితే, అప్పుడు నలుగురిలో నిలబెట్టి అడగండి. చేతిలో బొమ్మ ఉంటుంది కాబట్టి గట్టిగానే అడగవచ్చు.

చేసి చూడండి

1. మీ ఇంట్లో ఎవరికైనా పింఛను వస్తుందా? దరఖాస్తు ఇచ్చిన కాడి నుంచి పైసలు చేతికి వచ్చేదాకా దారి గీయండి. మీకు తెలియని చోట బాణం బదులు ప్రశ్న గుర్తు పెట్టండి.

2. మీ సంఘం పొదుపు పుస్తకం తెరిచి చూడండి. ఒక సభ్యురాలు ఒకే నెలలో రెండుసార్లు కిస్తు కడితే రాయడానికి చోటు ఉందా?

3. 60 సంచులు, సంచికి 40 కిలోలు. ఎన్ని క్వింటాళ్లు? క్వింటాలుకు 2,389 రూపాయల చొప్పున ఎంత రావాలి?

కొత్త మాటలు

సమాచారం: రాసి పెట్టుకునే లేదా పంపుకునే సంగతి, లెక్క.

వ్యవస్థ: పనులన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి నడిచే ఏర్పాటు.

ట్రక్ షీట్: లారీలో ఎంత సరుకు పోతుందో రాసిన కాగితం.

పట్టిక: అడ్డగీతలు, నిలువు గీతలు గీసి లెక్క రాసుకునే చోటు.

(మూడో ప్రశ్నకు జవాబు: 24 క్వింటాళ్లు. 57,336 రూపాయలు.)